ప్రమోషన్ వద్దనుకుంటున్నారా? సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు, రాయాల్సిన కాగితం

హైదరాబాద్‌లో ఓ కేంద్ర ప్రభుత్వ ఆఫీసు. పని చేతికి అలవాటైంది, ఇల్లు దగ్గర, పిల్లల చదువులు ఓ గాడిన పడ్డాయి. అప్పుడే ప్రమోషన్ ఆర్డరు వస్తుంది, పోస్టింగు మాత్రం మూడొందల కిలోమీటర్ల అవతల. "వద్దు" అనాలనిపిస్తుంది. అనొచ్చు. ఆశ లేదనో చేతకాదనో దానికి అర్థం లేదు, అలా అనేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. అయితే ఎప్పుడు వద్దన్నారు, కాగితం మీద ఏ మాట రాశారు అన్నదాన్ని బట్టి నష్టం ఏడాదితో పోవచ్చు, పదేళ్లు వెంటాడనూ వచ్చు. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల గురించి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఉద్యోగులకు నిబంధన పూర్తిగా వేరు కాబట్టి వాళ్ల సంగతి చివర్లో విడిగా ఉంది. రైల్వేకు సొంత సర్క్యులర్లు, బ్యాంకులకు సొంత ప్రమోషన్ పాలసీలు ఉంటాయి. వాళ్లు ఇక్కడి వరస పాటించినా, గడువులు మాత్రం తమ కాగితాల్లోనే చూసుకోవాలి.

ముందు ఆర్డరు పూర్తిగా చదవండి

పేరు, ఊరు చూసి పక్కన పెట్టేయకండి. మొదట వెతకాల్సిన మాట "రెగ్యులర్" అనా, "అడ్‌హాక్" అనా. డీపీసీ (శాఖాపరమైన పదోన్నతుల కమిటీ) కూర్చుని, ప్యానెల్ (ఎంపికైనవారి జాబితా) వేసి ఇచ్చింది రెగ్యులర్ ప్రమోషన్. ఖాళీని తాత్కాలికంగా నింపడానికి ఇచ్చేది అడ్‌హాక్. తిరస్కరణ గురించి కేంద్ర సిబ్బంది శాఖ 1981 అక్టోబర్ 1న ఇచ్చిన ఆదేశాలే నేటికీ ఆధారం. తక్కువ కాలపు ఖాళీల్లో ఇచ్చే అడ్‌హాక్ ప్రమోషన్ వద్దన్నవారికి ఆ ఆంక్షలు వర్తించవని అందులోనే ఉంది. అందువల్ల మీది అలాంటి అడ్‌హాక్ అయితే ఇంత మథనం అక్కర్లేదు, మర్యాదగా రెండు వాక్యాల్లో వద్దని రాసిస్తే చాలు.

రెగ్యులర్ అయితే అవే ఆదేశాల ప్రకారం మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. వద్దన్న తేదీ నుంచి ఒక ఏడాది, లేదా తర్వాతి ఖాళీ వచ్చేదాకా, ఈ రెండింటిలో ఏది తర్వాత అయితే అప్పటిదాకా మళ్లీ ప్రమోషన్ ఇవ్వరు. ఈలోగా పైకి వెళ్లిన మీ జూనియర్లు ఆ పై కేడర్‌లో మీకు శాశ్వతంగా సీనియర్లవుతారు. మూడోది చాలామందికి తెలియదు. మీ కారణం నచ్చకపోతే అధికారి ప్రమోషన్‌ను అమలు చేసి తీరమనొచ్చు. అప్పుడూ వెళ్లకపోతే ఆదేశ ధిక్కారం కింద క్రమశిక్షణ చర్య కూడా తీసుకోవచ్చు. వద్దనడం మీరు చేసుకునే విన్నపం మాత్రమే. దాన్ని అంగీకరిస్తేనే అది తిరస్కరణగా నిలబడుతుంది.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి

"ప్రమోషన్ అంటే జీతం పెరగడమే కదా" అన్నది అన్నివేళలా నిజం కాదు. ఒక ఉదాహరణ చూడండి. హైదరాబాద్‌లో లెవెల్ 4 (జీతాల పట్టికలో నాలుగో మెట్టు) యూడీసీ, అంటే అప్పర్ డివిజన్ క్లర్కు, ఏడేళ్ల సర్వీసు, బేసిక్ 31,400. లెవెల్ 6 అసిస్టెంట్‌గా కర్నూలుకు ప్రమోషన్ వచ్చింది. ఫిక్సేషన్‌లో, అంటే కొత్త పోస్టులో జీతం ఖరారు చేసేటప్పుడు, ముందు లెవెల్ 4లోనే ఒక ఇంక్రిమెంటు కలిపితే 32,300. లెవెల్ 6 మొదలయ్యేదే 35,400 దగ్గర కాబట్టి బేసిక్ అక్కడ నిలుస్తుంది. పెరిగింది 4,000. డీఏ 55 శాతం వేసుకుంటే అది 6,200 అవుతుంది.

ఇక పోయేది చూద్దాం. డీఏ 50 శాతం దాటాక ఇంటద్దె భత్యం ఎక్స్ నగరాల్లో 30, వై నగరాల్లో 20, మిగతా ఊళ్లలో 10 శాతం. తెలుగు రాష్ట్రాల్లో ఎక్స్ హైదరాబాద్ ఒక్కటే. విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, వరంగల్ వై కిందకు వస్తాయి, కర్నూలు మిగతా వాటిలోకి. హైదరాబాద్‌లో 31,400 మీద 30 శాతం అంటే 9,420 వస్తుండేది. కర్నూలులో 35,400 మీద 10 శాతం, 3,540. ఇక్కడే 5,880 తగ్గింది. రవాణా భత్యం లెవెల్ 3 నుంచి 8 వరకు హైదరాబాద్‌లో 3,600, కర్నూలులో 1,800, రెండింటి మీదా డీఏ ఉంటుంది. ఆ తేడా 2,790. మొత్తం పోయింది 8,670, వచ్చింది 6,200. ప్రమోషన్ తీసుకున్న మరుసటి నెల చేతికొచ్చే జీతం సుమారు 2,470 తక్కువ. కుటుంబం హైదరాబాద్‌లోనే ఉండిపోతే రెండో ఇంటి అద్దె, వారం వారం బస్సు ఛార్జీలు దీనికి అదనం.

ఇది ఒకవైపు చిత్రమే. నగరం తిరిగొచ్చాక ఇంటద్దె భత్యం మళ్లీ వస్తుంది, పెరిగిన 4,000 బేసిక్ మాత్రం రిటైర్మెంటు దాకా మీతోనే ఉంటుంది. పాత పెన్షన్‌లో ఉన్నవారికి చివరి బేసిక్‌లో సగం పెన్షన్. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఏకీకృత పెన్షన్ పథకం ఎంచుకుని 25 ఏళ్లు పూర్తిచేసినవారికి చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం. అంటే ఈ ఉదాహరణలోని వ్యక్తికి రిటైర్మెంటు చాలా దూరం కాబట్టి రెండేళ్ల నష్టం భరించి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం, ఇంట్లో నిజమైన ఇబ్బంది ఏదీ లేకపోతే. అదే ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా ఏళ్ల లెక్కన పై లెవెల్ జీతం ఇచ్చే పథకం, వివరం కింద ఉంది) కింద ఇప్పటికే లెవెల్ 7 జీతం తీసుకుంటూ, లెవెల్ 7 పోస్టుకే ప్రమోషన్ వచ్చినవారి లెక్క వేరు. ఎంఏసీపీలో ఏ లెవెల్ వచ్చిందో ప్రమోషన్ కూడా అదే లెవెల్‌కు అయితే మళ్లీ ఫిక్సేషన్ ఉండదు. బేసిక్ పైసా పెరగదు, ఊరు మారితే భత్యాలు తగ్గుతాయి, బాధ్యత మాత్రం పెరుగుతుంది. వద్దనేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి స్థితిలోనే ఉంటారు, వాళ్ల నిర్ణయంలో తప్పేమీ లేదు.

అసలు ఉచ్చు ఎంఏసీపీ దగ్గర ఉంది

ఈ భాగం రెండుసార్లు చదవండి. ప్రమోషన్లు లేక ఆగిపోయినవారికి 10, 20, 30 ఏళ్లకు పై లెవెల్ జీతం ఇచ్చే పథకం ఎంఏసీపీ. 2009 మే 19 నాటి ఆదేశాల్లో 25వ పేరా నేరుగా ప్రమోషన్ తిరస్కరణ గురించే. దాని సారం ఇది. ఎంఏసీపీకి అర్హత రాకముందే రెగ్యులర్ ప్రమోషన్ ఇస్తామంటే వద్దన్నవారికి ఆ ఎంఏసీపీ రాదు. కారణం సులభం: ఈ పథకం అవకాశం లేక నిలిచిపోయినవారి కోసం, మీకు అవకాశం వచ్చింది, మీరే వదులుకున్నారు. ఎంఏసీపీ వచ్చాక వద్దంటే, వచ్చింది వెనక్కి తీసుకోరు. కానీ తర్వాతి ఎంఏసీపీ ఆగుతుంది, ప్రమోషన్‌కు మళ్లీ సిద్ధమని మీరు ఒప్పుకునేదాకా దాన్ని పరిశీలించరు. ఒప్పుకున్నా, తిరస్కరణ వల్ల మీరు పక్కన ఉండాల్సిన కాలం ఎంతో అంత వెనక్కి జరుగుతుంది.

పైన చెప్పిన యూడీసీ ఏడో ఏట వద్దన్నాడనుకోండి. పదేళ్లు నిండేసరికి అతని బేసిక్ 34,300 అవుతుంది. ఎంఏసీపీ వచ్చి ఉంటే లెవెల్ 5లో 35,900 దగ్గర నిలిచేది. ఇప్పుడు ఆ 1,600, దాని మీద డీఏ, ఇంటద్దె భత్యం, ఏటా పెరిగే వడ్డీలాంటి ఇంక్రిమెంటు, ఏదీ రాదు. అదే మనిషి పదేళ్లు నిండి ఎంఏసీపీ ఆర్డరు చేతికొచ్చిన మూడో నెలలో ప్రమోషన్ వద్దని ఉంటే ఈ 1,600 అతనికి భద్రంగా ఉండేది. తిరస్కరణ ఒకటే, తేడా అంతా తేదీలోనే ఉంది.

కాబట్టి పెన్ను పట్టే ముందు సర్వీస్ బుక్ తెప్పించుకుని మూడు తేదీలు రాసుకోండి: ఉద్యోగంలో చేరిన తేదీ, చివరి ప్రమోషన్ లేదా ఎంఏసీపీ తేదీ, తర్వాతి ఎంఏసీపీ ఎప్పుడన్నది. ఎంఏసీపీ తేదీ దాటిపోయి కాగితం ఇంకా స్క్రీనింగ్ కమిటీ దగ్గరే నలుగుతుంటే ముందు దాన్ని కదిలించండి. అర్హత తేదీ దాటింది కదా అన్న ధీమాతో తిరస్కరణ లేఖ ఇచ్చేసి, తర్వాత ఎవరో క్లర్కు ఆ రెండు తేదీలు తారుమారు చేస్తే సరిదిద్దించుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇంకో రెండేళ్లకే ఎంఏసీపీ వచ్చేలా ఉంటే, ప్రమోషన్ వద్దనకుండా పోస్టింగు ఒక్కటే మార్చమని అడగడం తెలివైన పని.

వద్దనే ముందు ఊరు మార్చమని అడగండి

చాలామందికి ప్రమోషన్ అంటే ఇష్టం లేక కాదు, ఆ ఊరు కుదరక. ఈ రెండూ వేర్వేరు విన్నపాలు, వేర్వేరు కాగితాల మీద ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే, వీలైనంతవరకు ఒకే చోట పోస్టింగు ఇవ్వాలన్న 2009 సెప్టెంబర్ 30 నాటి ఆదేశాలు చూపండి. ఇంట్లో దివ్యాంగులు ఉండి వారిని చూసుకునే ప్రధాన వ్యక్తి మీరే అయితే, రొటీన్ బదిలీల నుంచి మినహాయింపు అడగడానికి 2018 అక్టోబర్ 8 నాటి ఆదేశాలు ఉన్నాయి. దివ్యాంగుల ధ్రువపత్రం, మీరు సంరక్షకులని చూపే ఆధారం జతచేయాలి. పిల్లల పదో తరగతి పరీక్షలు ఒక్కటే అడ్డమైతే, చేరే గడువు మార్చి దాకా పొడిగించమని అడగండి. ప్రమోషన్ వదులుకున్నంత పెద్ద అడుగు అవసరం ఉండకపోవచ్చు.

ఒక హెచ్చరిక. "హైదరాబాద్‌లోనే ఇస్తే చేరతాను, లేకపోతే ఈ ప్రమోషన్ నాకు వద్దు" అని ఒకే లేఖలో ఎప్పుడూ రాయకండి. మీరు బేరం అనుకున్నది ఆఫీసుకు తిరస్కరణగా కనిపిస్తుంది. మొదటి సగం పక్కకు పోతుంది, రెండో సగం సర్వీస్ బుక్‌లోకి ఎక్కుతుంది. ముందు పోస్టింగు మార్పు అడగండి, జవాబు వచ్చాక అవసరమైతే రెండో లేఖ. అలాగే డీపీసీకి ముందు "విల్లింగా, అన్‌విల్లింగా" అని ఫారం తిప్పే ఆఫీసులున్నాయి. తొందరపడి అన్‌విల్లింగ్ దగ్గర టిక్కు పెట్టకండి. ఆ ఫారంలో కింద చిన్న అక్షరాల్లో ఏమని ఒప్పుకుంటున్నారో చదివి, దాన్ని తిరస్కరణగా లెక్కిస్తారా అని ముందే అడిగి తెలుసుకోండి.

లేఖ

కాగితానికి ముందు మాట. మీ ఆఫీసరు గారి దగ్గరకు వెళ్లి, తలుపు వేసి పది నిమిషాలు కూర్చుని చెప్పండి. "సార్, ఆర్డరు అందింది, చాలా సంతోషం. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, తీసుకెళ్లేది నేనొక్కణ్నే. ఈ ఏడాది కదల్లేను. రాసిస్తాను, మీరు ఫార్వర్డ్ చేస్తే మేలు చేసినవారవుతారు." ఇంతే. కొత్త ఊరి గురించి, అక్కడి అధికారి గురించి ఒక్క చెడ్డ మాటా రానివ్వకండి. ఫైలు ముందుగా దాటాల్సింది ఈయన టేబులే, ఈయన రాసే సిఫారసు వాక్యానికి బరువుంటుంది. ప్యానెల్‌లో మీ తర్వాతి పేరు ఎవరిదో కూడా చూసుకోండి. రేపు అతనే మీ సెక్షన్‌కు సూపర్‌వైజరుగా రావచ్చు. ఆ రోజు మీరు మనస్ఫూర్తిగా పని చేయగలరా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

లేఖ ఒక పేజీ దాటకూడదు. ఇంచుమించు ఇలా ఉండాలి:

"ఫలానా తేదీ, ఫలానా నంబరు ఆర్డరు ద్వారా నన్ను ఫలానా పోస్టుకు రెగ్యులర్ ప్రాతిపదికన ప్రమోట్ చేసి ఫలానా ఊరిలో నియమించారు. ఆ ఆర్డరు నాకు ఫలానా తేదీన అందింది. మా తల్లిగారు కిడ్నీ వ్యాధితో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు, ఆసుపత్రి పత్రాలు జతచేశాను. ఈ కారణంగా ప్రస్తుతం ఈ ప్రమోషన్‌ను స్వీకరించలేకపోతున్నాను. నా విన్నపాన్ని అంగీకరించి ప్రస్తుత పోస్టులోనే కొనసాగించవలసిందిగా కోరుతున్నాను. 1-10-1981 నాటి ఆదేశాల ప్రకారం దీని ఫలితాలు నాకు తెలుసు. నాకు మొదటి ఎంఏసీపీ ఫలానా తేదీ నుంచి మంజూరైంది. గడువు ముగిశాక ప్రమోషన్‌కు నన్ను మళ్లీ పరిశీలించవలసిందిగా మనవి."

ఇందులో "అందింది" అన్న తేదీ, మీరు ఆలస్యం చేయలేదని చూపడానికి. "ప్రస్తుతం" అన్న మాట, మీరు శాశ్వతంగా వదులుకోవడం లేదని చెప్పడానికి. ఎంఏసీపీ వాక్యం 25వ పేరాలో మీరు ఏ గట్టున ఉన్నారో లేఖలోనే నమోదు చేస్తుంది. అందుకే దాన్ని తీసేయొద్దు. కారణం నిజమైనదే రాయాలి, రుజువు ఉన్నదే రాయాలి. "వ్యక్తిగత కారణాల వల్ల" అని మాత్రమే రాస్తే అధికారికి అంగీకరించడానికి పట్టు దొరకదు. "ప్రస్తుత పని నాకు సౌకర్యంగా ఉంది" అన్నది మీ మనసులో అసలు కారణమైనా, అదొక్కటే రాస్తే నిలవదు. దాని వెనక ఇంటి అవసరం ఏదో ఉండే ఉంటుంది, దాన్ని రాయండి.

ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలి

రిలీవింగ్ ఆర్డరు రాకముందే ఇవ్వాలి. రిలీవ్ అయ్యారంటే ఈ ఆఫీసులో మీ పోస్టు ఖాళీ అయినట్టే, మీ సమయం అప్పటి నుంచి చేరే గడువులోకి వెళ్లిపోతుంది. వెయ్యి కిలోమీటర్ల లోపు ఊరికి అది పది రోజులే. ఆ తర్వాత వద్దంటే మీరు ఏ ఆఫీసు మనిషో తేలక జీతం ఆగిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆర్డరు అందిన వారంలోపే ప్రాపర్ ఛానల్‌లో (మీ పై అధికారుల ద్వారా), నియామకాధికారి పేరున లేఖ ఇచ్చేయాలి. ఆఫీసరు గారికి చేతికిచ్చి ఊరుకోకుండా తపాలు సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, డైరీ నంబరు, తేదీ వేయించుకోండి. ఇ-ఆఫీసు ఉంటే రసీదు నంబరు రాసుకోండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లేఖ రాయడానికి మొహమాటపడి మెడికల్ లీవు పెట్టి, ప్యానెల్ గడువు అలా అయిపోతుందిలే అనుకుంటారు. కానీ సెలవు పెట్టడం ప్రమోషన్ తిరస్కరణ కిందకు రాదు. ఒక్కోసారి మెడికల్ బోర్డుకు పంపిస్తారు, సెలవులో ఉండగానే రిలీవ్ చేస్తారు, తిరిగొచ్చేసరికి కుర్చీ ఉండదు. నోటితో వద్దని చెప్పి ఊరుకోవడమూ అంతే.

అంగీకరించాక

రాతపూర్వకంగా ఆర్డరు వచ్చేదాకా ఏదీ ఖాయం కాదు. వచ్చాక సర్వీస్ బుక్‌లో తిరస్కరణ తేదీ, ఆర్డరు నంబరు, ఏడాది ముగిసే తేదీ సరిగ్గా ఎక్కాయో లేదో స్వయంగా చూడండి. తిరస్కరణ తేదీ అంటే మీరు లేఖ ఇచ్చిన తేదీయా, ఆఫీసు అంగీకరించిన తేదీయా అన్నది ఆ నమోదులో స్పష్టంగా ఉండాలి. ఆ ఒక్క తేదీ మీదే తర్వాతి ఎంఏసీపీ లెక్క నడుస్తుంది. అంగీకరించకపోతే, చేరమన్న గడువులోగా చేరండి. చేరి, అక్కడి నుంచి బదిలీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేరకుండా పోరాడితే కేసు మీ మీదకే తిరుగుతుంది.

ఏడాది ముగియడానికి నెల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజున "ఇప్పుడు ప్రమోషన్‌కు సిద్ధంగా ఉన్నాను, పరిశీలించండి" అని ఒక చిన్న లేఖ ఇచ్చి, దాని మీద కూడా ముద్ర వేయించుకోవాలి. మళ్లీ ప్రమోషన్ అక్కర్లేదనుకునేవారు ఈ లేఖ మానేస్తారు. పదేళ్ల తర్వాత రెండో ఎంఏసీపీ ఎందుకు రాలేదని వెతుక్కుంటే, కారణం ఈ రాయని లేఖే అని తేలుతుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులైతే

పైన చెప్పిన ఏడాది గడువు మీకు వర్తించదు. రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలు 1996 ప్రకారం మీకు రెండు దారులు, రెండూ వేరు. పదోన్నతి ఆర్డరు అందిన 15 రోజుల్లో చేరకపోతే ఆ ప్యానెల్ ఏడాదికి ఆ అవకాశం పోతుంది. ప్యానెల్ ఏడాది సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. తర్వాతి ఏడాది ప్యానెల్‌కు, ఖాళీ ఉంటే, మళ్లీ పేరు పరిశీలనకు వస్తుంది. రెండోది 28వ నిబంధన కింద హక్కును రాతపూర్వకంగా వదులుకోవడం. ఈ వదులుకోవడం శాశ్వతం. "ఈ ఒక్కసారికి", "పిల్లల చదువు అయ్యేవరకు" అంటూ తాత్కాలికంగానో షరతులతోనో రాసిస్తే చెల్లదు. స్కూలు గదిలో పక్కవాళ్ల లేఖ చూసి అదే నమూనా దించేసే ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు), స్కూల్ అసిస్టెంట్లు ఈ తేడా దగ్గరే పొరబడుతుంటారు. ఈ ఏడాది మాత్రమే కుదరదనుకునేవారు 28వ నిబంధన పేరు ఎత్తకూడదు.

ఇంకొకటి. 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్లున్న ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం కూడా పదోన్నతి రానివారి కోసం పెట్టిందే కాబట్టి, హక్కు వదులుకుంటే ముందున్న స్కేళ్లకు ఎసరు వస్తుంది. 12 ఏళ్ల స్కేలు ఇప్పటికే తీసుకున్నవారికి పదోన్నతిలో 22-బి ఫిక్సేషన్ (ఒక ఇంక్రిమెంటు కలిపి కొత్త జీతం ఖరారు చేయడం) ఉండదు, జీతం పెద్దగా కదలదు. వద్దనడానికి ఇది బలమైన కారణంగానే కనిపిస్తుంది. కానీ 18, 24 ఏళ్ల స్కేళ్లు ఇంకా ముందున్నాయా, వదులుకుంటే అవి నిలుస్తాయా అని డీడీఓ (జీతాల బిల్లులు చేసే అధికారి) గారికి లేఖ రాసి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే 28వ నిబంధన కింద సంతకం పెట్టండి.